మాట అదే, బోద్ధవ్యుడు వేరు: తెలుగు పాట పునర్గానంపై ఒక పరిశీలన

ఒకరు పాడి ప్రసిద్ధం చేసిన పాటను మరొకరు తమ గొంతుతో, తమ వాద్యాలతో మళ్లీ పాడడాన్ని సంగీత వ్యాపారం 'కవర్' అంటుంది. ఈ మాటకు తెలుగులో స్థిరపడిన పారిభాషిక పదం లేదు. 'పునర్గానం' అనవచ్చు. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుతున్నాను. పదం లేకపోయినా పని మనకు కొత్తది కాదు. ఊరూరా పాడే జానపదం, ఉద్యమ గీతం, భజన, సినిమా పాట, ఇప్పుడు గిటారు పట్టుకున్న విద్యార్థి బృందాల ప్రదర్శన, వీటన్నిటిలోనూ ఒకరి పాటను మరొకరు తిరిగి పాడడమే ప్రధానమైన క్రియ. అయినా సాహిత్య విమర్శ ఈ క్రియను పట్టించుకున్నది తక్కువ. పాటను ముద్రిత పాఠంగా చదవడం మనకు అలవాటైంది. పాఠం మారకపోతే పాట మారలేదనే అనుకుంటాం.

ఈ అభిప్రాయం సరికాదని చూపడం నా ఉద్దేశం. పునర్గానంలో నిజమైన పునఃసృష్టి బాణీ మార్పులోనో, వాద్యాల కూర్పులోనో జరగదు. ఎవరు, ఎవరితో, ఏ కాలంలో మాట్లాడుతున్నారన్న సంబంధం మారినప్పుడు జరుగుతుంది. ఇది చెప్పడానికి కొత్త సిద్ధాంతం అరువు తెచ్చుకోనక్కరలేదు. మమ్మటుడు కావ్యప్రకాశం తృతీయోల్లాసంలో ఆర్థీవ్యంజనకు హేతువులను లెక్కించాడు. వక్త, బోద్ధవ్యుడు (అంటే మాట ఎవరిని ఉద్దేశించిందో ఆ వ్యక్తి), కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో వాక్యం, వాచ్యం అనే రెండింటిని కదలకుండా ఉంచి మిగిలిన వాటిని మార్చడమే పునర్గానం. ఒకే వాక్యం వక్తను బట్టి, వినేవాడిని బట్టి వేరువేరు అర్థాలను స్ఫురింపజేస్తుందని అలంకారశాస్త్రం ముక్తకాల ఆధారంగా చెప్పింది. పాట విషయంలో ఆ సంగతి చెవికే తెలుస్తుంది.

పేరడీతో పోల్చి చూస్తే ఈ నిర్వచనం ఇంకా స్పష్టమవుతుంది. జరుక్‌శాస్త్రిగా ప్రసిద్ధుడైన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీని తెలుగులో ఒక గౌరవనీయమైన ప్రక్రియగా నిలబెట్టాడు. పేరడీలో నడక నిలుస్తుంది, మాట మారుతుంది. పునర్గానంలో మాట నిలుస్తుంది, గొంతు మారుతుంది. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి 'అనుకరణ' అనడం వల్ల చాలా గందరగోళం పుట్టింది.

అనుకరణ అన్న మాట వచ్చింది కనుక ఆనందవర్ధనుణ్ణి కూడా తలచుకోవాలి. ధ్వన్యాలోకం చతుర్థోద్ద్యోతంలో ఆయన ఒక కవి మాటకు మరో కవి మాటతో ఉండే పోలికను సంవాదం అన్నాడు. అది ప్రతిబింబంలా, చిత్తరువులా, తుల్యదేహిలా మూడు విధాలుగా ఉంటుందన్నాడు. అద్దంలో బింబానికి సొంత ప్రాణం లేదు. చిత్తరువుకు ఉన్న ప్రాణం అత్యల్పం. ఈ రెండూ విడిచిపెట్టదగినవి. మూడోది అలాంటిది కాదు. ఒకరిని పోలిన మరొక మనిషి ఉన్నంత మాత్రాన ఆ రెండో మనిషి దొంగ కాడు, అతనికి వేరే ఆత్మ ఉంది. తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విభాగాన్నే విస్తరించి పరపురప్రవేశమనే నాలుగో భేదాన్ని చేర్చాడు. మూలం ఒకటే అయినా కూర్పు చాలా దూరమైనది అది. మన సాహిత్య చరిత్రంతా ఈ మూడో నాలుగో గదుల్లోనే నడిచింది. భారతాన్ని నన్నయ, తిక్కన, ఎర్రన తెలుగు చేయడం, నైషధాన్ని శ్రీనాథుడు తెలుగు చేయడం అందుకు ఉదాహరణలు. రామాయణం మళ్లీ ఎందుకన్న ప్రశ్నను కల్పవృక్షం ఆరంభంలో తానే వేసుకొని, తన అనుభూతి తనదేనని విశ్వనాథ ఇచ్చిన సమాధానం కూడా ఇందులోకే వస్తుంది. పద్యం విషయంలో ఇంత ఉదారంగా ఉన్న సంప్రదాయం పాట దగ్గరికి వచ్చేసరికి 'ఒరిజినల్‌లా ఉందా లేదా' అన్న ఒక్క గీటురాయితో సరిపెట్టుకోవడం విచిత్రం.

'బండెనక బండి' రెండు కాలాలు

ఈ వాదానికి తెలుగులో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 'బండెనక బండి గట్టి' పాట. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటగా ఇది ప్రసిద్ధం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' చిత్రంలో దీన్ని గద్దర్ పాడాడు, తెరమీద తానే కనిపించాడు కూడా. ఉర్దూ రచయిత కృషన్ చందర్ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా తీసిన ఆ చిత్రం 1980లో విడుదలైంది. ఈనాడు ఈ పాట పేరు చెబితే శ్రోతకు ముందుగా స్ఫురించేది గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని ఆడుతూ పాడే గద్దర్ రూపమే. పునర్గానం మూలాన్ని మరుగుపరచిన సందర్భమిది. మూలకర్త పేరు తెలియని వారికి కూడా పాట తెలుసు.

ఇక్కడ ఏం మారింది? బాణీ ప్రజల నోట ఉన్న వరుసే. మాటలు దాదాపు అవే. వాద్యాల ఆర్భాటం లేదు. పాడేవాడు ఒక పాదం అందిస్తే బృందం వంత పలికే పద్ధతి కూడా పాతదే. స్వరలిపి రాసి పక్కపక్కన పెట్టి చూస్తే విమర్శకుడికి పెద్దగా పని దొరకదు. కానీ బోద్ధవ్యుడు మారాడు.

పాట మొత్తం ఒక సంబోధన మీద నడుస్తుంది. ఏకవచనంలో, తిట్టు కలిసిన పిలుపుతో, నైజాము సర్కారును నిలబెట్టి అడిగే పాట అది. కట్టినప్పుడు ఆ పిలుపు అందుకునేవాడు సజీవంగా ఎదుట ఉన్నాడు. అతడికి పోలీసు ఉంది, రజాకారు ఉన్నాడు, గడిలో దొర ఉన్నాడు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1951లో సాయుధ పోరాటం ఆగింది. 1980లో తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడికి నైజాము చరిత్ర పుస్తకంలోని పేరు. అలాంటప్పుడు ఆ పాట చారిత్రక చిత్రంలో కాలసూచికగా, అలంకారంగా మిగిలిపోవలసింది. అలా మిగలలేదు. కారణం వ్యాకరణంలోనే ఉంది. 'నైజాము సర్కారు' అన్న సమాసంలో నైజాము విశేషణం, సర్కారు విశేష్యం. 1947లో పాడినప్పుడు ఊనిక విశేషణం మీద పడుతుంది. 1980లో పాడినప్పుడు విశేషణం పాతబడి విశేష్యం మిగిలింది. సర్కారు అప్పుడూ ఉంది. 1975–77 అత్యవసర పరిస్థితి ముగిసి ఎంతో కాలం కాలేదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ సంగతులు తెలిసిన శ్రోతకు గద్దర్ నోట 'సర్కారు' అన్న మాట ఎవరిని తాకుతుందో విడమరిచి చెప్పనక్కరలేదు. ఒక్క మాట మార్చకుండా పాట తన ఎదుటి మనిషిని మార్చుకుంది.

చలనచిత్ర మాధ్యమం ఈ పనికి సాయపడింది. తెరమీద కథ 1940ల నాటిది కనుక కథలోపలి బోద్ధవ్యుడు నిజాం ప్రభుత్వమే. తెర బయటి బోద్ధవ్యుడు వేరు. ఒకే పిలుపు ఇద్దరికి వినబడుతోంది. వారిలో ఒకరికి అది నేరుగా చెప్పిన మాట, మరొకరికి పక్కనుండి విన్న మాట. మమ్మటుడు చెప్పిన అన్యసన్నిధి ఇదే. ఒకరితో మాట్లాడుతున్నట్లు మాట్లాడి, పక్కనున్నవారికి తెలియజేయడం. శృంగార ముక్తకంలో అత్తతోనో, బాటసారితోనో మాట్లాడినట్లుండి ప్రియుడికి సంకేతం చెప్పే నాయిక పద్ధతి ఇక్కడ రాజకీయ గీతానికి వచ్చింది. ఇంత దూరం లాగడం అలంకారికులకు నచ్చుతుందో లేదో గాని, సూత్రం మాత్రం చక్కగా సరిపోతుంది.

గద్దర్ కూడా వక్తగా తటస్థుడు కాదు. జననాట్యమండలి కళాకారుడిగా ఆయనకు అప్పటికే ఒక ఉనికి ఉంది. నేపథ్యగాయకుడు పాడి, నటుడు పెదవులు కదిపి ఉంటే వక్త రెండు ముక్కలయ్యేవాడు. అప్పుడు పాట పాత్రకు చెందుతుంది. ఇక్కడ పాడే గొంతు, ఆడే దేహం, బయట ఉద్యమంలో ఉన్న మనిషి ఒక్కరే. అందుకే అది చిత్తరువు కాదు, తుల్యదేహి.

తరువాతి దశాబ్దాల్లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పాటను ఆయుధంగా పట్టుకున్నప్పుడు ఈ పాట మళ్లీ వేదికలెక్కింది. అక్కడ ఒక సూక్ష్మమైన భేదం గమనించాలి. నైజాము పేరు తీసి సమకాలీన పాలకుడి పేరు పెడితే పాట వెంటనే అర్థమవుతుంది, చప్పట్లు పడతాయి. కానీ అది పునర్గానం పొలిమేర దాటి పేరడీ వైపు నడుస్తుంది. పేరు మార్చకుండా పాడి, శ్రోతే ఆ ఖాళీని నింపుకునేట్లు చేయడం కష్టమైన పని. నా దృష్టిలో మేలైన పని కూడా అదే, ఎందుకంటే ఇక్కడ అర్థం వాచ్యం కాదు, వ్యంగ్యం.

'మా భూమి'లోనే మరో పునర్గానం ఉంది. సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా'ను సంధ్య పాడారు. జీతానికి కుదిరి పశువులు కాసే పసివాణ్ణి పలకరించే పాట అది. పలకరింపు పిల్లవాడితో, చెప్పేది పెద్దలకు. ఇక్కడా అన్యసన్నిధే. దళంలో తిరిగే కార్యకర్త నోట అది ప్రచార గీతం. స్త్రీ గొంతులోకి వచ్చేసరికి ఆ పలకరింపుకు తల్లి, అక్క అనే వక్తలు చేరతారు. ప్రశ్నలు అవే, కానీ అడిగే హక్కు మారుతుంది.

ఈ సందర్భంలో బయటి ప్రపంచం నుంచి ఒక ఉదాహరణ ఉపయోగపడుతుంది. 1965లో ఓటిస్ రెడింగ్ అనే నల్లజాతి గాయకుడు 'రెస్పెక్ట్' అనే పాట రాసి పాడాడు. పనిచేసి ఇంటికి వచ్చిన మగవాడు ఇల్లాలిని గౌరవం అడిగే పాట. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ దాన్ని కొన్ని చేర్పులతో మళ్లీ పాడితే అది స్త్రీ తన హక్కును అడిగే పాట అయింది. పౌరహక్కుల, స్త్రీవాద ఉద్యమాలు దాన్ని తమదిగా చేసుకున్నాయి. 1994లో యువకుడైన ట్రెంట్ రెజ్నర్ రాసిన 'హర్ట్' పాటను 2002లో జానీ క్యాష్ మరణానికి ఏడాది ముందు పాడినప్పుడు వక్త వయసు ఒక్కటే పాట అర్థాన్ని తిరగరాసింది. రెండు చోట్లా వక్త మార్పే మూలం. తెలుగులో మనకు దొరికే ఉత్తమ ఉదాహరణలో వక్తతో పాటు బోద్ధవ్యుడు కూడా మారాడన్నది మన ప్రత్యేకత.

లింగం, మాత్ర

స్త్రీ పురుష గొంతుల మార్పిడి తెలుగులో మరో విధంగా ఆసక్తికరమైనది. హిందీలో ఉత్తమ పురుష క్రియకు కూడా లింగభేదం ఉంది. మగవాడు రాసిన పాటను స్త్రీ పాడితే ప్రతి పాదంలో క్రియాంతం అడ్డుపడుతుంది. తెలుగులో 'వచ్చాను', 'వచ్చావు' అన్నప్పుడు లింగం తెలియదు. నేను, నువ్వు అన్న ఇద్దరి మధ్య నడిచే పాట, అంటే మన ప్రేమగీతాల్లో సింహభాగం, వ్యాకరణరీత్యా ఎవరైనా పాడుకోదగినదే. లింగం బయటపడేది ప్రథమ పురుషలోనూ సంబోధనలోనూ మాత్రమే.

అక్కడ కూడా ఛందస్సు ఆశ్చర్యకరంగా సహకరిస్తుంది. రారా, రావే రెండూ నాలుగు మాత్రలే. చూడరా, చూడవే అయిదేసి మాత్రలు. వచ్చాడు, వచ్చింది అయిదేసి. వస్తాడు, వస్తుంది కూడా అంతే. తాళం చెదరకుండా, బాణీకి దెబ్బ తగలకుండా వక్త లింగాన్నో, బోద్ధవ్యుడి లింగాన్నో మార్చుకోవచ్చు. అన్నాడు, అన్నది దగ్గర ఒక మాత్ర తగ్గుతుంది. దాన్ని 'అన్నాది' అని సాగదీసి జానపదుడు ఏనాడో సరిచేసుకున్నాడు. నామవాచక సంబోధనల దగ్గరే చిక్కు. 'పిల్లా' నాలుగు మాత్రలు, 'పిల్లడా' అయిదు, 'పిలగాడా' ఆరు. అక్కడ గాయకులు దరువును కాస్త వంచక తప్పదు.

మార్చుకునే సౌలభ్యం ఇంత ఉన్నా మార్చకపోవడంలో కూడా కళ ఉంది. మాసబ్ ట్యాంక్‌లో ఒక సాయంత్రం విద్యార్థి బృందమొకటి పాత సినిమా పాటలు పాడగా విన్నాను. ఒక అమ్మాయి మగవాడి పాటను ఎత్తుకుంది. స్త్రీని పిలిచే సంబోధనను అలాగే ఉంచింది. మూలం కన్నా నడక చాలా నెమ్మది, తోడు ఒక్క గిటారు. మొదటి 'వే' దగ్గర శ్రోతల్లో నవ్వులు వినిపించాయి. రెండో చరణానికి ఎవరూ నవ్వలేదు. ఆమె పురుషపాత్ర ధరించి పాడుతోందా, ఒక స్త్రీ మరొక స్త్రీతో మాట్లాడుతోందా, తన్ను తానే పిలుచుకుంటోందా అన్నది తేలకుండా పాట సాగింది. మూలంలో అది చిలిపి పాట. నడక మారి కాకువు మారేసరికి చిలిపితనం పోయి వేడికోలు మిగిలింది. ముద్రిత పాఠంలో ఒక్క అక్షరం తేడా లేదు.

ఇది ఆధునిక విపరీతమని పెదవి విరిచేవారికి పదకవిత్వం జవాబు చెబుతుంది. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో ఎన్నో, క్షేత్రయ్య పదాల్లో అత్యధికం నాయిక మాటలే. రాసింది పురుషుడు, పలికేది నాయిక, పాడేది దేవదాసి కావచ్చు, కచేరీలో మీసాల విద్వాంసుడు కావచ్చు. వక్తను అరువు తెచ్చుకోవడం మన పాటకు పుట్టుకతో వచ్చిన విద్య.

వారసత్వ పాట

తెలుగు సినిమా 'రీమిక్స్' పేరుతో చేసే పని దీనికి పూర్తిగా భిన్నం. 1977 నాటి 'యమగోల'లోని 'ఓలమ్మీ తిక్కరేగిందా' 2007లో 'యమదొంగ'లోకి వచ్చింది. 'ఘరానా మొగుడు' (1992)లోని 'బంగారు కోడిపెట్ట' 2009లో 'మగధీర'కు వచ్చింది. విశేషమేమంటే రెంటికీ సంగీత దర్శకుడు కీరవాణే. 'గ్యాంగ్ లీడర్' (1991) వానపాట 'రచ్చ' (2012)లో, 'కొండవీటి దొంగ' (1990) నాటి 'శుభలేఖ రాసుకున్న' 'నాయక్' (2013)లో కనిపించాయి. జాబితా పెంచవచ్చు, కానీ దాని స్వభావం మారదు. తాత ఆడిన పాటకు మనవడు, తండ్రి ఆడిన పాటకు కొడుకు ఆడతాడు. డప్పు గట్టిపడుతుంది, వేగం పెరుగుతుంది, ఎలక్ట్రానిక్ దరువు చేరుతుంది. వక్త మారినట్లు కనబడుతుంది గాని నిజానికి మారలేదు. పాత వక్త ఇంకా బతికే ఉన్నాడని, అతడి స్థానం ఇతనిదేనని చాటడమే ఆ పాట పని. బోద్ధవ్యురాలు కథానాయిక కాదు, అభిమాని. ఇది పునఃసృష్టి కాదు, పట్టాభిషేకం. ఆనందవర్ధనుడి లెక్కలో చిత్తరువు. ఈ పాటలు వినోదాన్ని ఇవ్వవని నేననను. 'బంగారు కోడిపెట్ట'కు రెండుసార్లూ చెవి ఒగ్గినవాణ్ణే. కానీ అర్థం దృష్ట్యా వాటి గురించి చెప్పదగినది ఇంతే.

దీనికి రెండో చివర టెలివిజన్ పాటల పోటీ. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో మొదలైన 'పాడుతా తీయగా' తెలుగు శ్రోతకు పాత పాటను శ్రద్ధగా వినడం నేర్పింది. మాట ఉచ్చారణ, గమకం, ఊపిరి తీసుకునే చోటు వంటివి సామాన్య ప్రేక్షకుడి సంభాషణలోకి వచ్చాయంటే అందుకు ఆ కార్యక్రమం ముఖ్య కారణం. అదే సమయంలో మూలానికి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప అన్న విలువ కూడా దానితోనే స్థిరపడింది. శిక్షణకు ఈ విలువ అవసరం. కావ్యం చెప్పబోయేవాడు ముందు ప్రాచీన పద్యాలు కంఠస్థం చేసినట్లే. చిక్కెక్కడంటే శిక్షణ విలువ విమర్శ విలువగా మారడంలో. ప్రతిబింబాన్ని వర్జ్యమన్న సంప్రదాయంలో ప్రతిబింబానికే బహుమతి దక్కుతోంది.

చట్టం చెప్పే పునర్గానం

ఇదే విలువ చట్టంలోకి కూడా ఎక్కింది. కాపీరైట్ చట్టం (1957)లో 2012 సవరణ ద్వారా 31సి సెక్షన్ చేరింది. కవర్ రికార్డింగు చేయదలచిన వారికి అది చట్టబద్ధమైన లైసెన్సు ఇస్తుంది. మొదటి రికార్డింగు చేసిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ ముందుగా చెల్లించాలి. పాత గాయకుల పేరుగాని బొమ్మగాని అట్ట మీద ఉండరాదు, ఇది కవర్ అని స్పష్టంగా రాయాలి. మన చర్చకు ముఖ్యమైన షరతు మరొకటి. హక్కుదారు సమ్మతితో అంతకుముందు జరిగిన మార్పులు, రికార్డింగుకు సాంకేతికంగా తప్పనిసరైన మార్పులు తప్ప సాహిత్యంలోగాని సంగీతంలోగాని ఏ మార్పూ చేయరాదు.

అంటే చట్టం దృష్టిలో సక్రమమైన పునర్గానం ప్రతిబింబమే. అయితే ఇక్కడే చట్టం తనకు తెలియకుండా ఒక తలుపు తెరిచి ఉంచింది. అది వాక్యాన్ని, వాచ్యాన్ని, స్వరాన్ని కాపలా కాస్తుంది. వక్తను, కాలాన్ని, దేశాన్ని కాపలా కాయలేదు. మాసబ్ ట్యాంక్ అమ్మాయి సాహిత్యంలో ఒక్క అక్షరం మార్చలేదు. 'మా భూమి' పాట కూడా ఆ షరతును దాదాపు నిలబెట్టుకుంటూనే పూర్తిగా వేరే పాట కాగలిగింది. మమ్మటుడి జాబితాలోని ఈ హేతువుల మీద ఎవరికీ యాజమాన్యం లేదు.

జానపదం దగ్గర చట్టం మరీ చిక్కులో పడుతుంది. 2021లో విడుదలైన 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగదరియా' ఇందుకు ఉదాహరణ. వాడుకలో ఉన్న జానపద పల్లవిని నిలుపుకొని సుద్దాల అశోక్ తేజ చరణాలు రాశాడు. పవన్ సి.హెచ్. స్వరపరచగా మంగ్లీ పాడింది. ఆ పాట అంతకుముందు ఎవరి నోట ఎక్కడ వినబడింది, సేకరించి టెలివిజన్‌లో పాడినవారికి ఏ గుర్తింపు దక్కాలి అన్న విషయంపై అప్పుడు బహిరంగ వివాదం నడిచింది. ఎవరిది న్యాయమో తేల్చడం ఈ వ్యాస పరిధి కాదు. కానీ ఆ చర్చలో పాల్గొన్నవారు వాడిన మాటలు గమనించదగ్గవి. రాసినది ఎవరు, సేకరించినది ఎవరు అన్న రెండు ప్రశ్నలే వినిపించాయి. పాడినది ఎవరు, ఎవరి కోసం అన్న ప్రశ్న రాలేదు. మౌఖిక సంప్రదాయంలో ప్రతి గానమూ 'ఒక పాట', అదే సమయంలో 'ఆ పాట' కూడా అని ఆల్బర్ట్ లార్డ్ 1960లోనే 'ద సింగర్ ఆఫ్ టేల్స్' గ్రంథంలో ప్రతిపాదించాడు. రామాయణాల విషయంలో ఎ.కె. రామానుజన్ పాఠాంతరం అన్న మాటను పక్కన పెట్టి 'చెప్పడం' అన్న మాటను ఎన్నుకోవడానికి కారణం ఇదే. పాఠాంతరం అనగానే ఎక్కడో కదలని మూలపాఠం ఒకటి ఉందని ఒప్పుకున్నట్లవుతుంది. నాట్లు వేస్తూ పాడిన స్త్రీ, వేదిక మీద పాడిన గాయని, స్టూడియోలో పాడిన గాయని ముగ్గురూ వేరువేరు వక్తలు. మొదటి ఆమె పేరు ఏ దస్తావేజులోనూ లేదు.

ఈ లోపానికి తెలుగు శాఖల బాధ్యత కొంత ఉంది. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి ఈ క్షేత్రానికి విద్యాగౌరవం తెచ్చిన నాటి నుంచి వేల పాటలు సేకరణలకెక్కాయి. ఆ సంపద లేకపోతే ఈ వ్యాసమే లేదు. కానీ సేకరణ గ్రంథాల్లో సాధారణంగా దొరికేది పాఠం. పాడిన మనిషి, విన్న గుంపు, సందర్భం చాలా చోట్ల పీఠికలో ఒక వాక్యానికి కుదించుకుపోయాయి. పరిష్కర్త రెండు పాఠాలను పోల్చి ఉత్తమ పాఠాన్ని నిర్ణయించే పద్ధతి తాళపత్ర గ్రంథాల కోసం పుట్టింది. పాటకు దాన్ని యథాతథంగా వర్తింపజేస్తే యాదగిరి పాట, గద్దర్ పాట రెండూ ఒకే పాఠమని తేలి, ఒకటి పుస్తకం నుంచి జారిపోతుంది.

అన్నమయ్య సంకీర్తనల విషయంలో రాగిరేకులు కనీసం రాగం పేరు చెక్కి ఉంచాయి. బాణీ దొరకకపోయినా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు స్వరపరచడానికి ఆ ఒక్క మాట ఆధారమైంది. ఇరవయ్యో శతాబ్దపు ఉద్యమ గీత సంకలనాల్లో ఎక్కువ భాగం ఆ పాటి ఆధారాన్నీ ఇవ్వవు. నా పరిశోధనలో 'మా భూమి' పాటలతో మొదలుపెట్టి ఒక్కో పాటకు పాఠం పక్కనే పాడినవారు, ఉద్దేశించిన శ్రోత, పక్కనుండి విన్నవారు, నడక, స్థలం, సంవత్సరం అనే ఆరు గళ్లు గీసి నింపుతున్నాను. రెండో గడి, మూడో గడి తరచుగా ఖాళీగా ఉంటున్నాయి. వాటిని నింపడానికి పుస్తకాలు చాలడం లేదు. అప్పుడు వేదిక ముందు కూర్చుని విన్నవారిని వెతికి పట్టుకోవలసి వస్తోంది. వారిలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటాయి.